మూడు వారాల విశ్రాంతి

డిప్రెషన్ నటించడం నేర్చుకోవడానికి లోహిత్‌కి రెండు ఆదివారాలు పట్టింది. మూడో ఆదివారం భార్యకి నేర్పాడు.

మాదాపూర్‌లో అతను పనిచేసే కంపెనీకి ఈ మధ్య ఉద్యోగుల మనసు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. బుధవారం వస్తే చాలు, యోగా చాపలు పరుస్తున్నారు. లిఫ్టులో "మీ మనసు మాకు ముఖ్యం" అని బోర్డు కూడా తగిలించారు. బోర్డు పెట్టిన వారమే, తీసేయాల్సినవాళ్ళ జాబితా తయారవుతోందని తెలిసింది. అందులో లోహిత్ పేరుందని పక్క సీటు నరేందర్ చెవిన వేశాడు. ఉపాయం కూడా అతనే చెప్పాడు.

"పరేషాన్ గాకన్నా. దిమాక్ ఖరాబైందని వెల్‌నెస్ లీవు పెట్టు. ఆ లీవుల ఉన్నోణ్ని తీసేస్తే కంపెనీ ఇజ్జత్ పోతది, ముట్టుకోరు. డాక్టర్ కాయితం గావాలె. ఇంట్లోళ్ళు ఒకరొచ్చి సాక్ష్యం జెప్పాలె. గంతే."

కాగితం పంపడానికి గడువు శుక్రవారం సాయంత్రం ఆరు. అది అందకపోతే సోమవారం లోహిత్‌కి ఉద్యోగం ఉండదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండేళ్ళ పింకీని పక్క ఫ్లాటువాళ్ళకి అప్పజెప్పి, మొగుడూ పెళ్ళాలు నల్లగండ్లలో క్యాబ్ ఎక్కారు. దారి పొడుగునా లోహిత్ పాఠం ఒప్పజెప్పించుకున్నాడు.

"నాకు ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందంటే?"

"మూడు నెలల నుంచి."

"నిద్ర?"

"పట్టదు."

"అబ్బ, అంత చప్పగా చెప్తే ఎవరు నమ్ముతారు? కాస్త కళ్ళనీళ్ళు పెట్టుకో."

రసజ్ఞ సరేనంది. ఆమె దేనికైనా సరేననే మనిషి. ఆమెలో లోహిత్‌కి బాగా నచ్చిన గుణం అదే.

ఆసుపత్రి ఐదో అంతస్తులో మానసిక వైద్యానికి నలభై రెండో నంబరు టోకెన్ ఇచ్చారు. ఇంతమందికి పిచ్చా అని లోహిత్ విస్తుపోయాడు. సగం మంది మెడలో కంపెనీ కార్డులు వేలాడుతున్నాయి. ఒకాయన ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని మీటింగులోనే ఉన్నాడు. మనిషికి పది నిమిషాల చొప్పున, మనసులన్నీ వరసలో కదులుతున్నాయి.

డాక్టరు పుణ్యవతి యాభై దాటిన మనిషి. లోహిత్ నేలచూపులు చూస్తూ, మాటమాటకీ నిట్టూరుస్తూ పాఠమంతా వల్లించాడు. ఆవిడ ముఖం కదల్లేదు. అంతా విని రసజ్ఞ వైపు తిరిగారు.

"మీరు చెప్పండమ్మా. ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"రెండేళ్ళ నుంచండి."

మూడు నెలలని పదిసార్లు చెప్పిస్తే ఇదేం చోద్యం! లోహిత్ బల్ల కింద కాలితో తట్టాడు. రసజ్ఞ ఆగలేదు.

"పొద్దున్నే పాలు పొంగిపోతుంటే అలా చూస్తూ నిలబడిపోతారండి. స్టవ్వు కట్టేయాలని తెలుసు, చెయ్యి లేవదు. ఎవరైనా ఫోను చేస్తే నవ్వుతూనే మాట్లాడతారు. పెట్టేశాక అక్కడే కూలబడిపోతారు. బాల్కనీ తలుపుకి తాళం వేసి, తాళంచెవి పాప బొమ్మల్లో దాచేస్తారండి. తనకే దొరక్కూడదని."

చెప్తుండగానే ఆమె కళ్ళు ధారలు కట్టాయి. లోహిత్ కాలు వెనక్కి తీసుకున్నాడు. ఏం నటన! ఇంతటి కళని ఇంట్లో పెట్టుకుని, తను అద్దం ముందు రెండు ఆదివారాలు తగలేశాడు.

డాక్టరు చాలాసేపు రసజ్ఞనే చూసి, లోహిత్‌ని అడిగారు.

"మీ ఇంటికి ఏ పాలు వస్తాయండీ?"

జ్ఞాపకశక్తి పరీక్ష కాబోలు. తల బద్దలు కొట్టుకున్నా లోహిత్‌కి ఆ సంగతి తెలియదు. తెలియకపోవడమే కలిసొచ్చింది.

"ఈ మధ్య ఏదీ గుర్తుండట్లేదండి," అన్నాడు గొంతు వణికించి.

"సరే. మీరు కాసేపు బయట కూర్చోండి. నేను ఈవిడతో మాట్లాడాలి."

సాక్ష్యం రాసుకుంటారన్నమాట. లోహిత్ హుషారుగా బయటికి వచ్చి, నలుగురూ చూస్తున్నారని గుర్తొచ్చి దిగులుగా కూర్చున్నాడు.

పది నిమిషాల డాక్టరు నలభై నిమిషాలైనా తలుపు తీయలేదు. వెనక టోకెన్లవాళ్ళు సణుగుతున్నారు. ఐదున్నర అయింది. ఐదూ నలభై అయింది. లోహిత్ తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. రసజ్ఞ అతి చేసి కొంప ముంచుతోందా? డాక్టరు ఆరాలు తీసి, గుట్టంతా లాగేసి, కంపెనీకి ఫోను చేస్తే? జాబితాలో పేరు మాట అటుంచి, దొంగ రోగమని బయటపడితే ఈ ఊళ్ళో ఇంకో కంపెనీ గుమ్మం ఎక్కనివ్వదు.

ఐదూ యాభై నాలుగుకి నర్సు నాగమణి కాగితంతో వచ్చింది.

"డాక్టరమ్మ ఇచ్చింది సార్. ఇంట్లోళ్ళు జర మంచిగ జూస్కోవాలంట. మీతోటి గూడ మాట్లాడుతదంట, ఈడనే ఉండుండ్రి."

లోహిత్ కళ్ళు కాగితం కింది సగానికి పరుగెత్తాయి. తీవ్రమైన డిప్రెషన్. మూడు వారాలు పూర్తి విశ్రాంతి అవసరం. డాక్టరు సంతకం. గుండ్రటి ముద్ర. ఇంకేం కావాలి! గబగబా ఫొటో తీసి కంపెనీ యాప్‌లో పంపేశాడు. ఆరుకి ఇంకా రెండు నిమిషాలుంది.

హమ్మయ్య, గండం గడిచింది. తలుపు అవతల రసజ్ఞ వెక్కిళ్ళు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. పాపం, పని అయిపోయిందని తెలియక ఏడుస్తూనే ఉంది పిచ్చిది. ఇక చాలని సైగ చేద్దామని లోహిత్ లేచాడు. ఇంటికెళ్ళేటప్పుడు మంచి బిర్యానీ తినిపించాలనీ అనుకున్నాడు.

చేతిలో ఫోను మోగింది. కంపెనీ నుంచి జవాబు.

"సర్టిఫికెట్ చెల్లదు. రోగి పేరు రసజ్ఞ అని ఉంది."