ఈరమ్మ గెలిస్తేనే

“కొట్టే ఈరమ్మా! గీత మీదకి కొట్టే!”

కాళమ్మ కేకకి దీవిలోని లంబాలైన్ వీధిలో ఆ రేకుల ఇల్లు దద్దరిల్లింది. మంచం మీద పడుకోవలసిన మనిషి లేచి కూర్చుని, కడుపు మీద ఒక చెయ్యి అదిమిపెట్టుకుని మరీ అరుస్తోంది. కోడలు అసిరమ్మ తలగడ సర్దబోతే, “అడ్డు లెగవే!” అని కసిరింది.

టీవీలో ఆడుతున్న పిల్ల అసలు పేరు ఇర్మా. ఏ దేశందో కాళమ్మకి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. పేరు ఈరమ్మ అని మార్చేసి సొంత మనవరాల్ని చేసేసుకుంది. నాలుగేళ్ల కిందట కొడుకు గణేశ్వరరావు ఉద్యోగం మీద కార్ నికోబార్ దీవిలో ఉన్నప్పుడు, ఇక్కడ పక్కింటి యర్రమ్మ టీవీ ముందు కూర్చుని ఈ టెన్నిస్ పిచ్చి అంటించుకుంది. తర్వాత యర్రమ్మ ప్రోతరాపూర్‌కి ఇల్లు మారిపోయింది గానీ, పిచ్చి మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

అయితే ఈమధ్య ఈరమ్మకి టైం బాగాలేదు. ఊరూ పేరూ లేని పిల్లల చేతుల్లో, అదీ మొదటి రౌండులోనే ఓడిపోతోంది. సరిగ్గా అప్పుడే కాళమ్మ కడుపులో గడ్డ బయటపడింది. ఓడలో విశాఖపట్నం వెళ్లి ఆపరేషన్ చేయించుకుంటే బతుకుతుంది, ఆలస్యం చేస్తే మాత్రం నేను చెప్పలేను అన్నాడు డాక్టరు.

కాళమ్మ ససేమిరా అంది. “ఈరమ్మ పనీ అయిపోయింది, నా పనీ అయిపోయింది. ఈపాలి పెద్ద కప్పు అది గెలిస్తే నాను ఓడెక్కుతాను. లేదా, ఈ మంచం మీదే.”

కొడుకు బతిమాలాడు, కోడలు ఏడ్చింది. ఆ మాట మారలేదు. ఓడ ఈ సాయంత్రమే. ఇది తప్పితే మళ్లీ వచ్చే నెలే.

గాలివానకి యాంటెన్నా వంగిపోయి టీవీలో బొమ్మ రావడం మానేసింది. గణేశ్వరరావు రేడియోని కూడా రిపేరుకి ఇచ్చేశాడు. ఇక మిగిలిన దిక్కు నూకన్న వీడియో క్యాసెట్టే. ఓడలో పనిచేసే నూకన్న అవతలి ఒడ్డు నుంచి ఆటల క్యాసెట్లు మోసుకొస్తే వీధంతా కలిసి చూస్తారు. దానికొక కట్టుబాటు ఉంది. ఆఫీసులోనో బజార్లోనో ఫలితం ముందే తెలిసినవాడు క్యాసెట్టు పూర్తయ్యేదాకా నోరు విప్పకూడదు. విప్పితే వీధికంతటికీ చేపలు వేయించి పెట్టాలి. అందుకే గదినిండా జనం ఉన్నా అరుపులన్నీ కాళమ్మవే.

“మొన్నటి ఫైనల్ పిన్నీ! గరమ్ గరమ్ మాల్!” అన్నాడు నూకన్న క్యాసెట్టు పెడుతూ. మొదట్లో కొంత పాడైందట, ఆట మధ్యలోంచి మొదలైంది.

“ఎర్ర రిబ్బను మళ్లీ కట్టిందేట్రా? మానేసింది కదా?” కాళమ్మ కళ్లు చికిలించింది.

“పాత అదృష్టం తిరిగొస్తుందని కట్టుంటుందిలే అమ్మా,” గణేశ్వరరావు గబుక్కున అన్నాడు.

“మనిషి కూడా సన్నబడింది.”

“ప్రాక్టీస్ పిన్నీ, ప్రాక్టీస్!” అన్నాడు నూకన్న.

“అచ్ఛా!” అంది కాళమ్మ. కొడుకు వైపొకసారి చూసి మళ్లీ టీవీ వైపు తిరిగింది. తర్వాత ఒక్కసారిగా అందుకుంది. “కొట్టే! ఆ పొడుగుదాన్ని పరిగెత్తించే!”

పొడుగుది అంటే ప్రపంచంలో నంబర్ వన్. చెరొక సెట్టు గెలిచారు. ఆఖరి సెట్టులో ఈరమ్మ వెనకబడింది. అసిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గణేశ్వరరావు ఆట చూడటం మానేసి తల్లి ముఖమే చూస్తున్నాడు.

“బెంగెట్టుకోకండర్రా. ఇప్పుడు సూడండి, పొడుగుది కంగారుపడి రెండు సర్వీసులూ నెట్టుకి కొట్టేత్తాది,” అంది కాళమ్మ.

కొట్టేసింది! గది హోరెత్తింది.

“అరే వా! పిన్ని కోచ్ అయిపోవచ్చు భయ్యా!” నూకన్న గణేశ్వరరావు వీపు చరిచాడు.

అక్కణ్నుంచి ఈరమ్మకి పూనకం వచ్చినట్టే అయింది. ఒక గేమ్, ఇంకో గేమ్. నెత్తి మీదుగా విమానం దిగుతుంటే రేకులు గడగడలాడాయి, ఎవరికీ వినిపించలేదు. మ్యాచ్ పాయింట్! ఈరమ్మ కొట్టిన బంతి సరిగ్గా గీత మీద పడింది. పొడుగుది నిలబడిపోయింది.

“గెలిసిందిరా నా తల్లి! గెలిసింది!”

కాళమ్మ బోరుమంది. గదిలో అప్పటిదాకా బిగబట్టుకున్న వాళ్లంతా ఒక్కసారి లేచి గంతులేశారు. గణేశ్వరరావు టక్కున టీవీ ఆపేశాడు.

“కప్పిచ్చేది సూడనీరా!”

“ఓడ వెళ్లిపోద్దమ్మా! మాటిచ్చావు కదా!”

కాళమ్మ ఆరిపోయిన టీవీ వైపు చూసింది. కళ్లు తుడుచుకుంటున్న కొడుకుని, చేతులు జోడించి నిలబడ్డ కోడలిని, గుమ్మం దాకా నిండిన వీధి జనాన్ని చూసింది.

“సరే. నా పెట్టె తియ్యే అసిరమ్మా. మాటంటే మాటే.”

అసిరమ్మ వంటింట్లోకి పరిగెత్తి ఏడుపూ నవ్వూ కలిపి కానిచ్చి, పెట్టెతో తిరిగొచ్చింది.

సగం వీధి హాడో జెట్టీకి వచ్చింది. “పిన్నీ, ఈరమ్మలా గెలిచి రావాలి!” అని నూకన్న పైనుంచి చెయ్యందించాడు. కొడుకు భుజం పట్టుకుని కాళమ్మ ఒక్కో మెట్టే ఎక్కింది. ఓడ కూత వేసింది. గణేశ్వరరావు గుండెల మీద బరువు దిగినట్టు ఊపిరి తీసుకున్నాడు.

కాళమ్మ డెక్ మీద ఆగి, కొడుకు చెవి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“ఈ ఆట యర్రమ్మింట్లో సూసినప్పుడూ ఇలాగే ఏడిసినాన్రా.”