ఆదివారం కొరమీను

బకెట్లో కొరమీను ఇంకా తోక కొడుతూనే ఉంది. శాంతికుమార్ దాన్ని కూర్మమ్మ వాకిట్లో దించి, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"కేజీన్నర ఉంటాది మాస్టారూ. ఎక్కడ పడింది?"

"పై మలుపులో వదినా. గుర్రపుడెక్క కింద."

లక్ష్ముడు మునిగిపోయిన మలుపు అది కాదు. శాంతికుమార్ అటు వెళ్లి పదకొండు నెలలైంది.

శాంతికుమార్ భోగాపురం దగ్గర ఓ హైస్కూల్లో లెక్కల మాస్టారు. యూట్యూబ్‌లో చూసి ముచ్చటపడి, ఇద్దరు కూర్చునే కయాక్ ఒకటి కొన్నాడు. ఊళ్లో అందరూ దాన్ని ప్లాస్టిక్ దోనె అనేవారు. సముద్రం పోటుకి చంపావతి ఏరు ఎక్కడ ఉబ్బుతుందో, పాటుకి ఎక్కడ లాగుతుందో, ఏ నాచు కింద కొరమీను కాపురం పెడుతుందో అతనికి నేర్పినవాడు కూర్మమ్మ మొగుడు లక్ష్ముడు. ఏట్లో ఉన్నంతసేపూ లక్ష్ముడంత మంచి తోడు లేడు. ఒడ్డెక్కి మందు చుక్క పడితే మాత్రం వేరే మనిషి.

లక్ష్ముడు పోయాక శాంతికుమార్ మళ్లీ కయాక్ ఎక్కకూడదనుకున్నాడు. వారం తిరగకుండానే ఎక్కాడు. పట్టిన చేప తెచ్చి కూర్మమ్మకిచ్చాడు. ఆ తర్వాత ఏ ఆదివారమూ తప్పలేదు. చర్చి మానేశాడు. ప్రార్థనకి కళ్లు మూసుకుంటే నీళ్లే కనబడుతున్నాయి.

కూర్మమ్మ ఒక్కనాడూ వద్దనలేదు. చింతపండు పులుసు పెట్టి, మాస్టారు తినేదాకా కదలనిచ్చేది కాదు. తను మాత్రం చేప ముట్టేది కాదు. మొగుడు ఎలా పోయాడని ఒక్కసారి కూడా అడగలేదు. ఎస్సై వచ్చి వాకబు చేసిన రోజున, ఎవరూ అడక్కుండానే "మాస్టారు తప్పేటీ లేదు బాబూ, ఏరే లాగేసింది" అని చెప్పేసింది. ఊరంతా ఆమెది దేవత మనసంది. ఆ మాట విన్నాక శాంతికుమార్ ఆమె ముందు కళ్లు ఎత్తలేకపోయేవాడు.

ఇవాళ అతను చెప్పాలని వచ్చాడు. నౌపడ వైపు బదిలీ అయింది. బుధవారం వెళ్లిపోవాలి.

కూర్మమ్మ కొరమీనుకి బూడిద పట్టించి రాతి మీద రుద్దుతోంది. ఆమె ఎడమ చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా సాగదు. లక్ష్ముడు తాగొచ్చిన ఓ రాత్రి తర్వాత, బోరింగు దగ్గర జారిపడ్డానని చెప్పింది.

"వదినా, నీకొకటి చెప్పాలి."

"తిన్నాక సెప్పండి."

"తింటే చెప్పలేను."

ఆమె తలెత్తలేదు. అతను గుమ్మం పక్కన గోడకి ఆనుకుని చతికిలబడ్డాడు.

"ఆ రోజు చేపపిల్లలు ఎర్రగా గుంపు కట్టి తేలాయి. వాటి కింద తల్లో తండ్రో కాపలా ఉంటుందని నాకు తెలుసు. లక్ష్ముడు వద్దన్నాడు. 'పిల్లల్ని కాసుకునే సేప ఆకలికి కరవదు మాస్టారూ, కోపానికి కరుస్తాది, దాన్ని పట్టడం పాపం' అన్నాడు. నేను వినలేదు. గాలానికి ఎరగా కట్టిన రబ్బరు కప్ప సరిగ్గా గుంపు మధ్యలోకి విసిరాను."

రాతి మీద చేప రుద్దే చప్పుడు ఆగలేదు.

"చేప కప్పని కరుచుకుని నాచులో దూరింది. గాలం తంగూసు తెగకుండా ఇద్దరం ఒకే పక్కకి వంగాం. కయాక్ తిరగబడింది. నాకు లైఫ్ జాకెట్ ఉంది. లక్ష్ముడు ఎప్పుడూ వేసుకునేవాడు కాదు. అతని కాళ్లకి నాచు చుట్టుకుంది. అప్పుడే పాటు మొదలైంది."

శాంతికుమార్ ఆగాడు. ఎస్సైకి చెప్పిన మాట నాలుక చివర ఉంది: పడగానే ఏరు లాక్కుపోయింది, నేను చూసేసరికే మనిషి లేడు. పదకొండు నెలలు అందరికీ అదే చెప్పాడు.

"అబద్ధం చెప్పాను వదినా. లక్ష్ముడు నాకు రెండు బారల దూరంలోనే ఉన్నాడు. 'మాస్టారూ, తెడ్డు అందించండి' అని అరిచాడు. తెడ్డు నా చేతిలోనే ఉంది. అందిస్తే నన్నూ లోపలికి లాగేస్తాడని భయమేసింది. వినబడనట్టు ఇవతలి ఒడ్డుకి కొట్టుకుంటూ వచ్చేశాను. వెనక్కి తిరిగి చూసేసరికి నాచు తప్ప ఏమీ లేదు."

చప్పుడు ఆగింది.

"తిట్టు వదినా. ఊళ్లో చెప్పు. పోలీసులకి చెప్పు. దేవతలా అన్నం మాత్రం పెట్టకు, నేను మోయలేను."

కూర్మమ్మ చేపని రాతి మీదే వదిలేసింది. చెంబుతో నీళ్లు ఒంపుకుని చేతులు కడుక్కుంది. కొంగుతో ఒక్కో వేలూ తుడుచుకుంది. అప్పుడు వచ్చి అతనికి ఎదురుగా, అతనిలాగే నేల మీద కూలబడింది. ఆమె కళ్లల్లో కోపం లేదు. ఇన్నాళ్లూ ఆమె ముందు అతని కళ్లు ఎలా వాలిపోయేవో, ఇప్పుడు ఆమె కళ్లు అలా వాలిపోయాయి.

"ఆయేల నేను అవతలి గట్టు మీద గడ్డి కోస్తన్నాను మాస్టారూ, నాకు ఈతొచ్చు, మిమ్మల్ని పిలవకముందు నన్నే పిలిసినాడు."