పదికి పది

"నొప్పికి ఎన్ని మార్కులు వేస్తారు మాస్టారూ?" అని అడిగింది సిస్టర్.

"నొప్పా? నొప్పెక్కడిదమ్మా? పదికి పది వేసుకో!"

సిస్టర్‌కి ప్రాణం లేచొచ్చింది. పొద్దుట్నుంచీ తిరిగిన ఇళ్ళలో తృప్తి మార్కులు ఎక్కడా మూడు దాటలేదు. ఒకావిడ చేతుల మీద కమిలిన మచ్చలు చూపించి, "వీటిక్కూడా మార్కులా?" అంది. ఇంకొకాయన సూది వేసుకున్నప్పుడల్లా వచ్చే చలిజ్వరం గురించి చెప్పీ చెప్పీ, చివరికి సున్నా వేసి తలుపేసుకున్నాడు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అని, నరాల మీది పొరని తినేసే జబ్బు. దానికి ఇంట్లోనే వేసుకునే ఇంజెక్షన్లు అమ్మే కంపెనీలో సిస్టర్ పనిచేసేది. వేసుకోవడం నేర్పడం, ఆ తర్వాత వెళ్ళి తృప్తిగా ఉన్నారా అని అడగడం ఆమె ఉద్యోగం. వాళ్ళు తృప్తి పడకపోతే ఈమె ఉద్యోగం ఊడుతుంది.

మేనేజరు ఆ మాట మొహం మీదే చెప్పాడు. "టైముకి రావు. ఆఫీసు సామాను ఎక్కడపడితే అక్కడ పారేసుకుంటావు. పోనీ నీ పేషెంట్లన్నా సంతోషంగా ఉన్నారా అంటే అదీ లేదు. ఈసారి మార్కులు రాకపోతే ఇంట్లో కూర్చో."

ఇంట్లో ఇద్దరు పిల్లలూ అత్తగారూ ముందే కూర్చుని ఉన్నారు. సంపాదించేది ఈమె ఒక్కతే.

అందుకే మాస్టారంటే ఆమెకి దేవుడు. ఆయన స్కూల్లో డ్రాయింగ్ చెప్పేవారు. పెన్సిల్ వేళ్ళకి దొరకనంత చిన్నదయ్యేదాకా కొత్తది చెక్కరు. చొక్కా చిరిగేదాకా కొత్తది తొడగరు. కాంపస్ లేకుండా బోర్డు మీద ఒక్క ఊపులో సున్నా చుడితే లెక్కల మాస్టారు వచ్చి కొలిచి చూసుకునేవాడట. జబ్బు చేశాక కుడిచెయ్యి మాట వినడం మానేసింది.

"మళ్ళీ సున్నా చుట్టగలనా అమ్మా?" అని మొదటిరోజు అడిగారు.

"భేషుగ్గా చుడతారు. కాస్త టైము పడుతుందంతే" అంటూ సిస్టర్ బ్యాగులోంచి ఇంజెక్షన్ పెన్ను తీసింది. తోటి సిస్టర్లు కొట్టెయ్యకుండా దాని మూతకి ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టుకుంది. చీర మీదే తొడకి ఆనించి నొక్కింది. టిక్కుమంది. "చూశారా? చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

ఏడాది గడిచినా మాస్టారు అదే మాట మీదున్నారు.

"చర్మం కందుతోందా?"

"లేదు."

"జ్వరం?"

"ఊహూఁ."

"వేసుకోవాలంటే భయం?"

"సరదాగా ఉంటుందమ్మా!"

"మందు పెట్టె తెచ్చే మనిషి ప్రవర్తన?"

"బంగారం."

చెయ్యి ఎలా ఉందన్న ప్రశ్న కంపెనీ ఇచ్చిన వాటిలో లేదు. కాబట్టి సిస్టర్ అడగలేదు. మాస్టారు మంచినీళ్ళందిస్తుంటే సగం గ్లాసు నేలపాలైంది. ఆమె కాళ్ళు పైకి పెట్టుకుంది.

"ఒక్కటి రాసుకోమ్మా," అంది మాస్టారి భార్య. "మీ పెట్టెలతో ఫ్రిజ్‌లో కూరగాయలకి చోటుండట్లేదు."

"దీనికెప్పుడూ కూరగాయల గొడవే" అని నవ్వారు మాస్టారు.

పెట్టె సైజు తగ్గించమని సిస్టర్ పైకి రాసింది.

కంపెనీ మాస్టారిని ఆ ఏటి మేటి సంతృప్త రోగిగా ప్రకటించింది. పెద్ద హాలు తీసుకున్నారు. ముందు వరసల్లో డాక్టర్లు, వెనక మూడు మార్కులవాళ్ళు. మేనేజరు సిస్టర్ని "మా తల్లి" అన్నాడు. జీతం పెంచుతానని కూడా అన్నాడు.

"మాస్టారూ, మీ తృప్తికి గుర్తుగా ఒక నవ్వుమొహం గీయండి!" అంటూ బోర్డు చూపించాడు మేనేజరు.

మాస్టారు బోర్డు మీద సున్నా చుట్టారు. అది నొక్కుకుపోయిన గుమ్మడికాయలా వచ్చింది. "మోడ్రన్ ఆర్ట్!" అన్నాడు మేనేజరు. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు మాత్రం దాని నొక్కు మీద వేలు పెట్టి చూసుకున్నారు.

"కాస్త టైము పడుతుందన్నావు కదమ్మా" అన్నారు సిస్టర్ వైపు తిరిగి. ఆమెకి మనసు చివుక్కుమంది.

"సూది ఎలా వేసుకుంటారో కూడా చూపించండి" అన్నాడు మేనేజరు.

మాస్టారు కుర్చీలో కూర్చుని, జేబులోంచి పెన్ను తీసి, ప్యాంటు మీదే తొడకి ఆనించి నొక్కారు. టిక్కుమంది. రెప్ప కూడా వెయ్యలేదు.

"నిజంగా నొప్పి లేదా అన్నయ్యగారూ?" అని అడిగింది వెనకనుంచి మచ్చలావిడ, ఏడుపు ఆపుకుంటూ.

"లేదమ్మా. మా సిస్టర్ హస్తవాసి అలాంటిది!"

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మాస్టారు పెన్నుకి జాగ్రత్తగా మూత పెట్టి, మళ్ళీసారికి జేబులో దాచుకున్నారు.

ఆ మూత మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క చూసిన సిస్టర్ చేతులు గాల్లోనే ఆగిపోయాయి, ఎందుకంటే అది ఏడాది కిందట ఆమె పారేసుకున్న, వేసుకోవడం నేర్పడానికే తప్ప లోపల సూదీ మందూ ఏమీ లేని డమ్మీ పెన్ను.