దగ్గకూడని పంది

ఈ ఉద్యోగంలో స్నానాలు ఎక్కువైపోయాయండీ. పందుల గదికి రాత్రి కాపలా నాది. లోపలికెళ్ళే ముందు తలస్నానం, బయటికొచ్చాక మళ్ళీ తలస్నానం. "పెళ్ళిచూపులకి కూడా ఇంత శుభ్రంగా రాలేదు మీరు" అని మా ఆవిడ దెప్పుతుంది.

దెప్పినా తప్పదు. ఈ పందుల కిడ్నీలు మనుషులకి పెడతారు. ఒంట్లో ఒక్క వైరస్ ఉండకూడదు. అందుకే పుట్టినప్పట్నుంచి వీటికి బయటి గాలి తగలనివ్వలేదు. జలుబంటే ఏమిటో తెలియదు. రేపు ఆ మూలనున్న పంది కిడ్నీ మా బావమరిదికి పెడతారు. అది తప్పితే వాడికి వేరే దారి లేదు.

ఇందాక ఆ మూలనుంచి దగ్గు వినిపించింది. బెల్లు కొట్టాను. డాక్టరమ్మ నిద్రలోంచి లేచి, తలస్నానం చేసి మరీ వచ్చింది. ఒక్కమాట విసుక్కోలేదు. ముక్కు, గొంతు, రక్తం అన్నీ ఓపిగ్గా పరీక్ష చేసింది. అలాంటి మనిషికి దణ్ణం పెట్టాలి.

"వైరస్ ఏం లేదు. దీని ఊపిరితిత్తులు నా వాటికంటే నయం. కానీ మళ్ళీ దగ్గితే మళ్ళీ బెల్లు కొట్టండి. అనుమానముంటే ఆపరేషన్ ఆపేస్తాను" అంది.

ఆవిడ అటు వెళ్ళగానే ఇంటినుంచి ఫోన్. "ఏమండీ, తమ్ముడికి నెల్నుంచీ ఉన్న దగ్గు ఇందాక టక్కున ఆగిపోయింది!"

అప్పుడే లోపల రెండు పొడిదగ్గులు. తర్వాత గొంతు సవరింపు. "బావా, రిమోట్ ఇలా ఇవ్వు" అనే ముందు మా బావమరిది సవరించుకున్నట్టే.

నా వేలు బెల్లు మీదే ఉంది. అద్దం అవతల్నుంచి పంది, నా చేతిలో రిమోట్ ఉన్నట్టే చూస్తోంది. కొట్టమంటారా, వద్దంటారా? మీ కాళ్ళు పట్టుకుంటాను, ఎవరైనా చెప్పండి బాబూ.