పుట్టినరోజు ఖాతా

"ఈ ఖాతా సంగతి మీకు ముందే తెలుసా?" పన్ను అధికారి కురాతా పాస్‌బుక్ బల్ల మీద పెట్టి అడిగాడు.

తెలుసంటే అది తండ్రి బతికుండగా ఇచ్చిన బహుమతి. తెలియదంటే ఆయన పోయాక మిగిలిన ఆస్తి, పన్ను తప్పదు.

"తెలుసండీ. నాన్న ఏటా నా పుట్టినరోజుకి వేసేవారు." డబ్బు తీయడానికి సంతకం బదులు వేసే ఖాతా ముద్రను, పొద్దున తల్లి తనకిచ్చినదాన్ని, చిజురు తన సంచిలోంచి తీసి చూపించింది.

"పన్నెండేళ్ళుగా తెలుసన్నమాట. ఆయనకి ఒక్కసారైనా థాంక్స్ చెప్పారా?"

చిజురు పాస్‌బుక్ తెరిచింది. తను తండ్రితో మాటలు మానేసిన ఏడాదే మొదటి జమ.

"చెప్పిందండీ," అంది పక్కనున్న తల్లి గబగబా.

చిజురు ముద్రను తల్లి ముందుకి జరిపింది.

"లేదమ్మా." గోడ మీదున్న తండ్రి ఫొటో వంక చూసింది. "తెలిసుంటే చెప్పకుండా ఉండేదాన్నా? పన్ను వేసుకోండి, కురాతా గారూ."