బయటి గొళ్ళెం

"గొళ్ళెం బయటినుంచి పెట్టత్తా," అంది విజయకుమారి.

మాలకొండమ్మ కోడలి ముఖంలోకి అనుమానంగా చూసింది.

జువ్వలదిన్నెలో ఈ పిల్ల పిచ్చి తెలియనివాళ్ళు లేరు. టెలిస్కోపుకు సెల్‌ఫోను బిగించి, మిద్దె మీద నుంచి చంద్రుడి గుంటలు, గురుడి చారలు ఫొటోలు తీస్తుంది. కిందటిసారి కడుపుతో ఉండి గ్రహణాన్ని తీసింది. ఆ కడుపు నిలవలేదు. ఈసారి కడుపని తెలిశాక కూడా శనిని తీసింది.

"శనిని చూసినావు. ఈ బిడ్డకు గూడా ఏమన్నా అయిందా, నీ గొట్టం సముద్రంలో, నువ్వు మీ అమ్మింట్లో," అని అత్త అప్పుడే తేల్చేసింది. మొగుడు మధుబాబు తల్లి మాటకే తలూపాడు.

ఇవాళ చంద్రుడు గ్రహణంతోనే సముద్రంలోంచి లేస్తాడు. అలాంటి ఫొటో కోసం విజయ ఏళ్ళుగా కాచుకుని ఉంది.

గది కిటికీకి దుప్పటి కట్టారు. ఆమెను వెల్లకిలా పడుకోబెట్టారు.

"కదలబాకు. గోకబాకు. బిడ్డకు మొర్రి పడతాది," అంది అత్త.

గొళ్ళెం పడింది.

లోపల ఒకటే ఉక్క. చెమట చెవుల్లోకి కారుతోంది. విజయ తుడుచుకోలేదు. వీధిలో ఎవరో అరిచారు. "ఎర్రంగా లేస్తన్నాడు రోయ్!"

ఆమె కళ్ళు మూసుకుంది.

మధుబాబు మిద్దె దిగి వచ్చి తలుపు దగ్గర గొణిగాడు. "మే, ఒక్క ఫొటో నేను తీసిపెట్టేదా? ఏది తిప్పాలో చెప్పు."

"దాన్ని ముట్టుకోబాకు."

"అమ్మకు తెలియదులే."

"తెలియాల. నేనేం చెయ్యలేదని అందరికీ తెలియాల."

వాకిట్లో పక్కింటి కామాక్షమ్మ నవ్వింది. "ఏందక్కా, కోడల్ని జైల్లో ఏసినావా?"

"అదే ఏయించుకునింది మే!" మాలకొండమ్మ గొంతులో గర్వం.

గ్రహణం విడిచింది. తలుపు తెరుచుకుంది. పడుకోబెట్టినది పడుకోబెట్టినట్టే ఉండి, చెమటతో తడిసి ముద్దయిన కోడల్ని చూసి మాలకొండమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తల నిమిరింది. వాకిట్లోకి వినపడేలా అంది.

"చూసినావా కామాక్షీ! ఇంక ఈ బిడ్డకేమన్నా అయితే దేవుణ్ణి అడగాల. నా కోడలి తప్పు రవ్వంత లేదు."

ఆ మాట పూర్తిగా విన్నాకే విజయ లేచి కూర్చుంది.

స్కానింగులో బిడ్డ గుండె ఆగిపోయి ఉందని కావలిలో డాక్టరమ్మ ఆమె ఒక్కదానికే చెప్పింది, నిన్న.