వందకి నూట ఎనభై ఎనిమిది

వంద గసగసాలు వేస్తే నూట ఎనభై ఎనిమిది వచ్చాయి.

రాగ్నిల్డ్ మైక్రోస్కోపు మీంచి తలెత్తి కళ్ళు నులుముకుంది. లెక్కపెట్టడం ఇది మూడోసారి. మూడుసార్లూ అదే సంఖ్య.

ఫ్యోర్డు అనే సముద్రపు పాయ ఒడ్డున ఆరువేల అయిదొందల ఏళ్ళ కిందటి జనం తిని పారేసిన ఆల్చిప్పల దిబ్బ ఒకటుంది. దాని మట్టిని మ్యూజియంకి తెచ్చి నీళ్ళ పీపాలో కలిపితే, ఆనాటి పొయ్యిలో మాడి బొగ్గయిన గింజలేవైనా ఉంటే తేలి జల్లెడలోకి వస్తాయి. పీపా సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలియాలి కదా. అందుకని తనే మాడ్చిన గసగసాలు వంద లెక్కపెట్టి ప్రతి మట్టి సంచిలోనూ ముందే కలుపుతుంది రాగ్నిల్డ్. తొంభై ఆరో తొంభై ఎనిమిదో తిరిగొస్తే పని శుభ్రంగా జరిగినట్టు. పన్నెండేళ్ళుగా అలాగే వస్తున్నాయి. వేసినవాటికంటే ఎక్కువ రావడం మాత్రం ఎక్కడా విననిది.

"ఎయ్లర్, ఒకసారి ఇలా రా."

పెరట్లో మట్టి కడిగే ఎయ్లర్ తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చాడు. వచ్చే వసంతానికి రిటైరవుతాడు.

"గసగసాల రొట్టె తిన్నావా ఇక్కడ?"

"పొద్దున ఇంట్లో తిన్నా. ఏం?"

"మాడిందా?"

"మా ఆవిడ చేతిలో మాడని రొట్టె ఎప్పుడు తిన్నాను గనక. కానీ చొక్కా దులుపుకునే వచ్చానమ్మాయ్."

"పళ్ళెంలో ఎనభై ఎనిమిది ఎక్కువున్నాయి."

ఎయ్లర్ పళ్ళెం వంక చూశాడు. తర్వాత కిటికీ వంక చూశాడు. "నువ్వే రెండుసార్లు వేశావేమో" అన్నాడు మెల్లగా.

"నోట్‌బుక్కులో ఒక్కసారే రాసుకున్నాను. రెండుసార్లు వేస్తే రాసుకోనా?" అంది గానీ, ఆమెకే నమ్మకం కుదరలేదు. మళ్ళీ మైక్రోస్కోపులోకి వంగింది. అన్నీ నల్లగా, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తను పొయ్యిలో మాడ్చినవేవో, ఆరువేల ఏళ్ళనాడు మాడినవేవో ఆ గింజల్నే అడగాలి. అవి చెప్పవు.

ఆనాటివే అయితే కొంప మునిగినట్టే. పన్నెండేళ్ళు కష్టపడి రాసిన పుస్తకం ఇవాళ మధ్యాహ్నం అచ్చుకి వెళ్తోంది. ఆ తీరం జనం చేపలూ ఆల్చిప్పలూ వేటమాంసమూ తిన్నారనీ, హేజెల్ కాయలు తప్ప మొక్కల జోలికి పోలేదనీ దానిలో రాసింది. ఆ దిబ్బలో చిన్న గింజ ఒక్కటి కూడా దొరకకపోవడమే దానికి రుజువు. ఆ ఒక్క మాట మీదే నాలుగొందల పేజీలు నిలబడ్డాయి.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు ఎయ్లర్.

"ఏముంది చేయడానికి? ప్రెస్సులో ఫోల్మర్‌కి ఫోన్ చేసి అచ్చు ఆపించేస్తాను. తెలియనప్పుడు తెలియదని చెప్పాలి." ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"ఆగు." ఎయ్లర్ టోపీ తీసి చేతిలో నలిపాడు. "అవి నావి."

"ఏవి?"

"తొంభై గింజలు. నిన్న ఆరబెట్టాక నేనే కలిపాను, నువ్వు మాడ్చి పెట్టుకున్న గసగసాల సీసాలోంచే తీసి. నీ వందలో తొంభై ఎనిమిది, నావి తొంభై. లెక్క సరిపోయిందా?"

సరిపోయింది. రాగ్నిల్డ్ కుర్చీలో వెనక్కి వాలిపోయింది. ఒళ్ళంతా తేలికైపోయింది. ఎయ్లర్‌ని తిట్టాలో, దగ్గరకి తీసుకోవాలో తెలియలేదు. ఇంతలో ఫోన్ మోగింది. ఫోల్మరే.

"మిషన్ దగ్గరే నిలబడి ఉన్నాను. నీ మాట కోసమే చూస్తున్నా, రాగ్నిల్డ్. మొదలెట్టమంటావా, వద్దంటావా?"

"మొదలెట్టు. ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు."

అవతల మిషన్ హోరు మొదలవడం ఆమెకు వినిపించింది. ఫోన్ పెట్టేసి నవ్వింది.

"అయినా ముసలితనంలో నీకీ చిలిపితనం ఏమిటి, ఎయ్లర్? ఉన్నట్టుండి ఎందుకు కలిపావు?"

"ఉన్నట్టుండి కాదు. మొదటి ఏడాది వందకి ఆరు గింజలే వచ్చాయని మెట్ల మీద కూర్చుని ఏడ్చావు, గుర్తుందా? చూడలేకపోయాను. పీపా బాగుచేశానని చెప్పి, అప్పట్నుంచీ ప్రతిసారీ తొంభై కలుపుతున్నాను."

రాగ్నిల్డ్ నవ్వు సగంలో ఆగింది. ఏదో అర్థమవుతోంది, పూర్తిగా కావడం లేదు. "మరి ఇవాళే ఎందుకు ఎక్కువయ్యాయి?"

"పాత జల్లెడ చిరిగితే సోమవారం కొత్తది బిగించాను. పాతదాంట్లోంచి చిన్న గింజలు జారిపోయేవి. దీని కన్నాలు మరీ సన్నం, నీ వందా ఇంచుమించు అలాగే నిలిచిపోయాయి. అలవాటు కొద్దీ నా తొంభై కూడా వేసేశాను." టోపీ పెట్టుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు ఎయ్లర్. "అన్నట్టు, ఇందాక ఇంకో సంచి కడిగాను, నీ గసగసాలు కాక జల్లెడ నిండా ఏవేవో చిన్న చిన్న గింజలు తేలాయి. అవి మాత్రం నేను వేసినవి కావమ్మాయ్."